అమెరికాలో రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి వృత్తి జీవితం ఎలా ఉంటుంది? మన హైకోర్టు న్యాయమూర్తితో పోల్చవచ్చా?

స్థాయిని బట్టి కొంతవరకు పోల్చవచ్చు కానీ, పదవికి చేరే దారి మాత్రం పూర్తిగా వేరు. అమెరికాలో నియామక పద్ధతి రాష్ట్రానికో రకంగా ఉంటుంది. హైదరాబాదులో కొంతకాలం న్యాయవాదిగా పనిచేసి, తరువాత విస్కాన్సిన్ రాజధాని మాడిసన్‌లో స్థిరపడినందువల్ల, నేను దగ్గరగా చూసిన ఆ రాష్ట్రం గురించి, అక్కడ 43 ఏళ్లు న్యాయమూర్తిగా ఉన్న షర్లీ అబ్రహామ్సన్ గురించి చెబుతాను.

ఆమె 1933లో న్యూయార్క్‌లో, వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టారు. 1956లో ఇండియానా విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా పొందినప్పుడు తరగతిలో ప్రథమురాలు, ఏకైక మహిళ కూడా ఆమే. అయినా కళాశాల డీన్ ఆమెకు సూచించినది న్యాయ గ్రంథాలయంలో ఉద్యోగం. ఆమె మాడిసన్ వచ్చి డాక్టరేటు చేసి, ఒకవైపు న్యాయవాద వృత్తి, మరొకవైపు అధ్యాపక వృత్తి సాగించారు. 1976లో గవర్నర్ పాట్రిక్ లూసీ ఆమెను ఖాళీ అయిన స్థానంలో నియమించడంతో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టులో మొదటి మహిళా న్యాయమూర్తి అయ్యారు.

ఆ తరువాతిదే మన న్యాయవాదులకు వింతగా తోచే భాగం. విస్కాన్సిన్‌లో ఏడుగురు న్యాయమూర్తులను ప్రజలే పదేళ్ల కాలానికి ఎన్నుకుంటారు. ఖాళీని గవర్నర్ నింపినా, ఆ వ్యక్తి తరువాత ఓటర్ల ముందుకు రావలసిందే. ఆమె 1979, 1989, 1999, 2009లలో గెలిచారు. బ్యాలెట్‌లో న్యాయమూర్తి పేరు పక్కన పార్టీ పేరు ఉండదు. న్యాయమూర్తులే కొత్త న్యాయమూర్తుల పేర్లను సూచించే కొలీజియం సిఫారసుల గురించి వాదించుకునే వాతావరణం నుంచి వచ్చిన నాకు, న్యాయమూర్తి పేరు ఎదుట గుర్తు పెట్టవలసి వచ్చినప్పుడు చేయి కాసేపు ఆగిపోయింది.

విచారణలు చూడడానికి ఎవరైనా వెళ్లవచ్చు. రాష్ట్ర శాసనసభ ఉండే కాపిటల్ భవనం తూర్పు భాగంలోని పాలరాతి గదిలో, రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా పత్రంపై ఇంగ్లండు రాజు జాన్ ముద్ర వేస్తున్న దృశ్యంతో సహా నాలుగు పెద్ద కుడ్యచిత్రాల నడుమ ధర్మాసనం కూర్చుంటుంది. మన దగ్గర రోజుల తరబడి సాగే వాదనలకు అలవాటుపడిన నేను, ఒక్కో పక్షానికి అరగంట చాలుతుందా అని అనుమానించాను. లిఖితపూర్వక వాదనలను ముందే క్షుణ్ణంగా చదివి వచ్చి, న్యాయవాది రెండు వాక్యాలు పూర్తి చేసేలోపే ప్రశ్నలు వేసే ఆ పద్ధతి చూశాక, అసలు పని గది బయటే జరుగుతుందని అర్థమైంది.

ఫెడరల్ (అంటే దేశమంతటికీ వర్తించే) రాజ్యాంగం ఇచ్చే హక్కులు కనీస హద్దు మాత్రమేనని, రాష్ట్ర రాజ్యాంగం అంతకు మించిన రక్షణ ఇవ్వగలదని ఆమె పట్టుదలగా వాదించేవారు. మన రాష్ట్రాలకు సొంత రాజ్యాంగాలు లేవు కాబట్టి, ఈ ఆలోచన బలం మనకు వెంటనే అందదు.

1996 నుంచి సీనియారిటీ ప్రకారం ఆమె ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు. ఆ పదవికి న్యాయమూర్తులే ఓటు వేసి ఒకరిని ఎన్నుకోవాలన్న రాజ్యాంగ సవరణను 2015 ఏప్రిల్‌లో ఓటర్లు ఆమోదించారు. సహచరులు పేషెన్స్ రోగెన్‌సాక్‌ను ఎన్నుకున్నారు. అబ్రహామ్సన్ ఫెడరల్ కోర్టుకు వెళ్లినా ఫలితం దక్కలేదు. నేను ఆ సవరణకు వ్యతిరేకంగానే ఓటు వేశాను. సవరణ తప్పని కాదు, పదవిలో ఉన్న వ్యక్తికి మధ్యలో దానిని వర్తింపజేయడం న్యాయంగా అనిపించలేదు. పదవి పోయినా ఆమె మామూలు న్యాయమూర్తిగా కొనసాగి, ఘాటైన అసమ్మతి తీర్పులు రాస్తూనే, 2019 జూలైలో 85వ ఏట విరమించారు. మన హైకోర్టు న్యాయమూర్తులు 62 ఏళ్లకే దిగిపోవాలి. 2020 డిసెంబరులో ఆమె మరణించారు.

ఎన్నిక మంచిదా అంటే, నా అభిప్రాయం నిస్సంకోచంగా చెబుతాను: ప్రజల ఎంపిక ఉండవచ్చు, రెండోసారి పోటీ మాత్రం ఉండకూడదు. 2025లో ఇదే కోర్టులోని ఒక్క స్థానానికి జరిగిన పోటీలో సుమారు 10 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. తన తదుపరి ఎన్నికకు ఎవరు డబ్బు ఇస్తారో, ఎవరు ఎదురు ఖర్చు పెడతారో ఆలోచించవలసిన స్థితిలో ఏ న్యాయమూర్తినీ ఉంచరాదు. పదిహేనేళ్ల ఒకే పదవీకాలం ఇస్తే ఆ భయం చాలావరకు తొలగుతుంది.