సీడీ కవర్ గీస్తే అది చదువు కిందికి వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో మాస్ కమ్యూనికేషన్ డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. స్నేహితులు పాడిన అయిదు జానపద గీతాల ఆల్బమ్‌కి కవర్, లోపలి చిన్న పుస్తకం, డిస్కు మీది బొమ్మ అన్నీ తనే తయారు చేయాలట. అదే ఈ సెమిస్టర్ ప్రాజెక్టు. రాత్రి పొద్దుపోయేదాకా కంప్యూటర్ ముందే ఉంటోంది. సీడీలు కొనేవాళ్లే లేని రోజుల్లో ఈ పనికి విలువ ఉంటుందా? రేపు ఉద్యోగం వస్తుందా?
- ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: మీ ఆందోళన అర్థమైంది. పాటలు ఫోన్లోకి వెళ్లిపోయాయన్నది నిజమే. అయినా చేతిలో పట్టుకునే ఆల్బమ్ మీద మోజు పూర్తిగా పోలేదు. అమెరికాలో 2022లో సీడీలు సుమారు 3.3 కోట్లు అమ్ముడైతే, ఎప్పుడో మూలపడ్డాయనుకున్న గ్రామఫోన్ రికార్డులు 4.1 కోట్లు అమ్ముడయ్యాయి. 1987 తర్వాత రికార్డులది పైచేయి కావడం అదే మొదలు. అంతమాత్రాన మీ అమ్మాయి ఆల్బమ్ కవర్లే గీస్తూ బతకొచ్చని నేను చెప్పను. మన దగ్గర ఆ ఒక్క పనితో గడవదు. కానీ చదును కాగితం మీద బొమ్మ వేసి, దాన్ని మడిచి, అంటించి, ఒక వస్తువుగా జనం చేతికి అందించే విద్య వేరే ఉంది. మిఠాయి డబ్బాకీ, మందుల పెట్టెకీ, పుస్తకం అట్టకీ కావలసింది ఆ విద్యే. ఆమె ఇప్పుడు నేర్చుకుంటున్నదీ అదే. కాకపోతే తెర మీద అందంగా కనిపించగానే పని అయిపోయిందనుకోకూడదు, అచ్చు దాకా తీసుకెళ్లాలి.

అమ్మాయిని ముందు ఒక డమ్మీ, అంటే ఉత్త కాగితంతో నమూనా, చేయమనండి. మామూలు ప్లాస్టిక్ సీడీ పెట్టెలో ముందు అట్ట 120 మిల్లీమీటర్ల చదరం. వెనక అట్ట 151 మిల్లీమీటర్ల వెడల్పు, 118 ఎత్తు. ఆ వెడల్పులో రెండు పక్కలా 6.5 మిల్లీమీటర్లు మడత పడి పెట్టె వెన్ను అవుతుంది. ఈ కొలతలతో తెల్లకాగితం కత్తిరించి, పాత సీడీ పెట్టెలో దూర్చి చూస్తే చాలు, సగం తప్పులు అక్కడే బయటపడతాయి. వెన్ను మీద పేరు తలకిందులుగా ఉండడం, డిస్కు నడిమి రంధ్రం సరిగ్గా గాయని ముఖం మీద పడడం లాంటివి నేను చాలాసార్లు చూశాను. కత్తిరింపులో తెల్ల అంచు మిగలకుండా నాలుగు పక్కలా 3 మిల్లీమీటర్లు అదనంగా బొమ్మ ఉంచాలి. ఫైలు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), సీఎంవైకే రంగుల్లో (అచ్చులో కలిపే నాలుగు సిరాల రంగులు) ఉండాలి. తెర మీద మెరిసే నీలాలు, ఆకుపచ్చలు కాగితం మీద మసకబారతాయి. ఆ సంగతి పదిహేను రోజుల ముందే తెలిస్తే రంగులు మార్చుకోవచ్చు.

ఇక తెలుగు అక్షరాలు. నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. ఓ విద్యార్థి తన కవర్ ఎంతో మురిపెంగా చూపించాడు. బొమ్మ బాగుంది, కానీ పేరులోని ‘పల్లె’ కాస్తా ‘పల్‌లె’ అయి కూర్చుంది! ఫొటోషాప్, ఇల్లస్ట్రేటర్‌లలో టెక్స్ట్ సెట్టింగుల్లోకి వెళ్లి వరల్డ్ రెడీ అన్నది ఎంచుకోకపోతే వత్తులు ఇలాగే విడిపోతాయి. ప్రెస్సుకి ఇచ్చే కాపీలో అక్షరాలను అవుట్‌లైన్లుగా (అంటే గీసిన బొమ్మలుగా) మార్చేయాలి, లేకపోతే వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంటు లేక మళ్లీ అదే గోల. వరుసల మధ్య ఇంగ్లీషుకి ఇచ్చినంత జాగా ఇస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. 6.5 మిల్లీమీటర్ల వెన్నులో వత్తులున్న తెలుగు పేరు చదివేలా పట్టించగలిగితే, ఆ ఒక్క పని చూసి నేనైతే ఆమెను మెచ్చుకుంటాను.

గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, ధూర్జటి, సూరన్న లాంటివి ఉచితంగా దొరుకుతాయి. పేరుకి రామభద్ర లాంటి లావు అక్షరాలు నప్పుతాయి, లోపలి పాటల సాహిత్యానికి మండలి హాయిగా ఉంటుంది. వీలైతే పేరు చేత్తోనే రాయమనండి. బాపు రాత మన ముందే ఉంది కదా, అక్షరం కూడా బొమ్మేనని తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పని పూర్తయ్యాక కవర్‌ని ఫోన్లో వేలిగోరంత చేసి చూడాలి. ఈ రోజుల్లో శ్రోత మొదట చూసేది ఆ సైజులోనే.

ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటోలు వాడొద్దు. క్లాసులో చూపించి ఊరుకుంటే ఎవరూ అడగకపోవచ్చు, కానీ రేపు ఆల్బమ్ బయటికి వస్తే హక్కుల చిక్కు తప్పదు. ఆమె స్నేహితులు పాడినవి జానపదాలంటున్నారు కాబట్టి, ఏ పాట ఏ ఊళ్లో, ఎవరి నోట విని నేర్చుకున్నారో వాళ్లను అడిగి లోపలి పుస్తకంలో వేయడం మర్యాద. ఆ పెద్దవాళ్ల ఇంటి గోడ మీది ముగ్గో, చేతి డప్పో ఫొటో తీసుకుంటే కవర్‌కి సొంత బొమ్మ కూడా దొరుకుతుంది.

ఉద్యోగం సంగతి. డిగ్రీ అయ్యాక ప్రకటనల సంస్థలు, పుస్తక ప్రచురణ, ప్యాకేజింగ్, సినిమా పబ్లిసిటీ డిజైన్ వైపు వెళ్లొచ్చు. మొదట్లో జీతం తక్కువే ఉంటుంది, దాచడం దేనికి? సెలవుల్లో ఒక నెల మీ ఊళ్లోనే ఏదైనా ఆఫ్‌సెట్ ప్రెస్సులో కూర్చోబెట్టండి. ప్లేటు, కాగితం, మడత ఎలా పనిచేస్తాయో కళ్లారా చూసినవాళ్లు ఇంటర్వ్యూలో మాట్లాడే తీరే వేరు. పైచదువు కావాలంటే డిజైన్ కోర్సుల్లో ప్రవేశానికి ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్ష ఉంది. డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగానే రాయొచ్చు. ఆ ర్యాంకుతో ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల ఎం.డెస్. (డిజైన్‌లో పీజీ) సీటుకి ప్రయత్నించొచ్చు, అయితే మీ అమ్మాయి డిగ్రీ అక్కడ సరిపోతుందో లేదో ముందే కనుక్కోండి.

సీడ్‌లో రెండో భాగం చేత్తో బొమ్మలు గీసి రాసేది. ఆ తర్వాత జరిగే ఇంటర్వ్యూల్లోనూ పూర్తయిన కవర్ కన్నా, అక్కడికి ఎలా చేరావన్నదే ఎక్కువ అడుగుతారు. అందుకని కొట్టేసిన గీతలతో సహా తను గీసుకున్న రఫ్ పుస్తకాన్నీ, పాడైన డమ్మీలనీ తేదీలు వేసి దాచుకోమని చెప్పండి. హాస్టల్ గదిలో చోటు లేదంటే ఖమ్మం పంపించమనండి, మీరు భద్రంగా ఉంచండి.