ప్రకృతి నుంచి పుట్టిన ప్రయోగాత్మక వెస్టర్న్ క్లాసికల్ వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ సంగీతంలో ట్యూన్ పట్టుబడటం లేదు, ఏం వింటూ కూర్చోవాలో తెలియడం లేదు అని ఒకరు అడిగారు. నేను ఎక్కువగా వినేది ఈ సంగీతమే కాబట్టి, నాకు పనికొచ్చిన దారి చెప్తాను.

ముందు ఫిన్లాండ్ స్వరకర్త ఐనోయుహాని రౌతవార 1972లో రాసిన ‘కాంటస్ ఆర్క్‌టికస్’ వినండి. 18 నిమిషాలు ఉంటుందేమో, అంతే. ఆర్కెస్ట్రా ముందు సోలో వాద్యం ఉండాల్సిన చోట, ఉత్తర ఫిన్లాండ్‌లో రికార్డు చేసిన పక్షుల కూతలు టేపు మీద వస్తాయి. రెండో భాగంలో ఒక లార్క్ పిట్ట పాటను బాగా నెమ్మది చేసి రెండు స్థాయిలు కిందికి దించారు. అంత చిన్న పిట్ట గొంతు ఏదో పెద్ద ప్రాణి మూలుగులా వినిపిస్తుంది. నాకు ఈ సంగీతం మీద ఇష్టం పుట్టింది అక్కడే.

ఆ తర్వాత ఫ్రెంచ్ స్వరకర్త ఒలివియే మెసియాన్. 1956-58 మధ్య ఆయన రాసిన ‘కాటలోగ్ ద్వాజో’ (పక్షుల జాబితా)లో 13 పియానో రచనలున్నాయి, ఒక్కోటీ ఒక్కో పక్షి పేరు మీద. అన్నీ ఒకేసారి వినబోతే అలసిపోతారు. రీడ్ వార్బ్లర్ అనే రెల్లు పిట్ట మీద రాసిన పొడవాటి రచన ఒక్కటి చాలు. అర్ధరాత్రి మొదలై మర్నాటి రాత్రి 3 గంటల దాకా, అంటే 27 గంటల పాటు ఒక చెరువు దగ్గర జరిగేదంతా అరగంటలో ఇమిడిపోతుంది. కప్పలు, సూర్యోదయం, రెల్లులో పక్షి, అన్నీ పియానో మీదే. ట్యూన్ కోసం వెతక్కుండా ఇప్పుడు ఏ వేళ అయి ఉంటుందా అని ఆలోచిస్తూ వినండి. నాకైతే అప్పుడే దారి దొరికింది. ఈ సంగీతంలో పక్షి ఎప్పుడు కూస్తుంది, అల ఎంతసేపు లేస్తుంది అన్నదే కూర్పుకి ఆధారం.

అల సంగతి తెలియాలంటే అమెరికన్ స్వరకర్త జాన్ లూథర్ ఆడమ్స్ దగ్గరికి రావాలి. అలాస్కాలో దశాబ్దాలు బతికిన మనిషి. 2014లో ఆయనకు సంగీతంలో పులిట్జర్ బహుమతి తెచ్చిపెట్టిన ‘బికమ్ ఓషన్’ 42 నిమిషాల రచన. ఆర్కెస్ట్రాను మూడు గుంపులుగా విడదీశారు: వుడ్‌విండ్స్ (ఫ్లూట్, క్లారినెట్ లాంటివి), బ్రాస్ (ట్రంపెట్ లాంటి ఇత్తడి వాద్యాలు), స్ట్రింగ్స్ (వయొలిన్ లాంటి తీగ వాద్యాలు). ఒక్కో గుంపు తన వేగంతో తాను లేచి పడుతుంటుంది. మొత్తమ్మీద మూడుసార్లు మాత్రమే మూడూ ఒకేసారి ఉప్పొంగుతాయి. సగం దాటాక సంగీతమంతా వెనక్కి నడుస్తుంది! మొదట బ్రాస్ ఒక్కదాన్నే పట్టుకుని వినండి, మిగతావి వాటంతటవే చెవికి అందుతాయి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, అడుగు స్వరాలు అసలు వినిపించవు. మంచి హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.

ఆయనదే ‘ఇనుక్సూట్’ (2009) రికార్డింగ్ ఇప్పుడే వద్దు. 9 నుంచి 99 మంది ఆరుబయట పెర్కషన్ (డ్రమ్ముల లాంటి కొట్టి వాయించే వాద్యాలు) వాయిస్తుంటే శ్రోతలు వాళ్ల మధ్య తిరుగుతూ వినడానికి రాసింది అది. ఎక్కడైనా ప్రదర్శన ఉందని తెలిస్తే మాత్రం తప్పకుండా వెళ్లండి.