రాడార్ బొమ్మను నమ్మే ముందు చేలోకి దిగు

అమ్మలూ,

రాడార్‌తో మట్టి తేమ కొలిచే ప్రాజెక్టు వచ్చిందనీ, ఫీల్డ్ వర్క్ అంటే టెన్షన్‌గా ఉందనీ రాశావు. చాన్నాళ్లు ఈ పని చేసినవాణ్ణి కదా, నాకు తగిలిన దెబ్బ ముందు చెబుతాను.

ఉపగ్రహం పంపిన రాడార్ తరంగాలు నేలకు తగిలి ఎంత ఎక్కువగా తిరిగొస్తే, బొమ్మలో ఆ చోటు అంత తెల్లగా కనిపిస్తుంది. తాండూరు వైపు ఒక నల్లరేగడి చేను అలా తెల్లగా మెరిసింది. తడి నేల అని రాసేశాను. తీరా వెళ్లి చూస్తే ఎండిన దుక్కి! ముందురోజే ట్రాక్టర్‌తో దున్నారట, చేనంతా పిడికిలంత పెడ్డలు. డైఎలెక్ట్రిక్ విలువ అని ఒకటుంది, అది ఎక్కువైతే తరంగాలు ఎక్కువగా తిరిగొస్తాయి. పొడిమట్టికి అది సుమారు 3 నుంచి 5, నీటికి 80 దాకా. అందుకే తడిసిన నేల మెరుస్తుంది. కానీ మనం వాడే యూరప్ రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 తరంగం (దీన్నే సీ-బ్యాండ్ అంటారు) పొడవు దాదాపు 5.6 సెంటీమీటర్లు. పెడ్డలూ అదే సైజులో ఉంటే, తేమ లేకపోయినా చేను మెరుస్తుంది. బొమ్మ ఒక్కదాన్నే చూస్తే ఏది తడో ఏది దుక్కో తేలదు.

అందుకని ఉపగ్రహం దాటే రోజునే చేలో ఉండు. మన వైపు అది పొద్దున ఆరింటి ప్రాంతంలో దాటితే, నువ్వు పదకొండింటికి తీసిన మట్టి అప్పటికే పైన ఆరిపోయి ఉంటుంది. పై 5 సెంటీమీటర్లే తియ్యి, అంతకన్నా లోతు మట్టి కలిపితే లెక్క చెడుతుంది. ఒక్క చోట తీసి ఊరుకోకు. తీసిన వెంటనే కవరు బిగించి, అక్కడే తూచు. 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు పెట్టి మళ్లీ తూచు, తగ్గిన బరువే మట్టిలోని నీరు. మట్టి తీసే లోహపు రింగు ఘనపరిమాణం రాసుకోకపోతే ఘనపరిమాణం లెక్కన తేమ రాదు. నేనొకసారి మర్చిపోయి ఒక ట్రిప్పు మొత్తం పోగొట్టుకున్నాను.

సాళ్లు ఎటు పోతున్నాయో దిక్సూచితో రాసుకో. రాడార్ చూపుకు అడ్డంగా ఉంటే మెరుపు పెరుగుతుంది. వేసవిలో రేగడి నెర్రెలిచ్చి ఉంటే అదీ రాయి. ఎప్పుడు దున్నారు, ఎప్పుడు నీళ్లు కట్టారు అని రైతునే అడుగు. ఇవన్నీ ఏ ఉపగ్రహమూ చెప్పదు.

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా-ఇస్రోల రాడార్ ఉపగ్రహం నైసార్‌లో ఎల్-బ్యాండ్ ఉంది, అంటే 24 సెంటీమీటర్ల పొడవాటి తరంగం. పైరును దాటి నేలను చూడ్డంలో అది సీ-బ్యాండ్ కన్నా నయం. 1981లో అలాంటి ఎల్-బ్యాండ్ తరంగాలే సహారాలో పొడి ఇసుక కిందికి దిగి, పూడిపోయిన నదుల దారులు చూపించాయి. మన తడి రేగడిలో మాత్రం అంత లోతు ఆశించకు.

కవర్ల మీద బాల్‌పెన్నుతో రాయకు, చెమట చేతులు తగిలి చెరిగిపోతుంది. మార్కర్లు రెండు పెట్టుకో, ఒకటి ఎలాగూ పోతుంది.

మీ పెద్దమామయ్య