ఇంట్లో చెప్పులు చేసుకోవడానికి సోల్‌కి ఏం వాడాలి? శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎక్కడ దొరుకుతుంది?

మాది చీపురుపల్లి దగ్గర పల్లె. నాన్నకి కాలివేళ్లు పక్కకి తిరిగిపోయి బజారు చెప్పులు ఏవీ పట్టవు. అందుకని నాలుగేళ్లుగా ఆయనకి నేనే చేస్తున్నాను.

ముందుగా ఒక మాట. అడుగున అరగకుండా ఉండాలి, పైన పాదానికి మెత్తగా ఉండాలి. ఈ రెండు పనులూ ఒకే షీటు చేయదు. మొదటిసారి యోగా మ్యాట్ కోసి చేశాను. నెల తిరక్కుండానే మడమ దగ్గర అప్పడంలా అణిగిపోయింది.

అడుగుకి పాత టైరు చాలా గట్టిది, పంక్చరు షాపులో అడిగితే దొరుకుతుంది. కానీ ఏ టైరో చూసుకోండి. లారీ రేడియల్ టైర్లకి పక్కభాగంలో కూడా ఇనుప తీగలుంటాయి. అది తెలియక నేను అలాంటి ముక్కే వాడాను. పదిహేను రోజులకి తీగ పొడుచుకొచ్చి నాన్న పాదం గీరుకుపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు అయస్కాంతం ఆనించి చూడకుండా ఏ టైరూ తీసుకోను. మామూలు కారు టైరుకి తీగలు నేలకి ఆనే భాగంలోనూ, రిమ్ముకి పట్టే అంచులోనూ ఉంటాయి. మధ్యలో పక్కభాగం మనకి పనికొస్తుంది. కత్తిని సబ్బునీళ్లలో ముంచుతూ కోస్తే రబ్బరు పట్టేయదు.

టైరు బరువనిపిస్తే చెప్పులు కుట్టేవాళ్లు వాడే రబ్బరు సోల్ షీటు తీసుకోండి. ఆ షాపులకి పెద్ద బోర్డులుండవు, ఎక్కడున్నాయో కుట్టేవాళ్లనే అడగాలి. విజయనగరం గంటస్తంభం దగ్గర కుట్టే ఒక పెద్దాయన నాకు తన షీటులోంచే జతకి సరిపడా ముక్క కోసిచ్చారు. చెప్పులు కుట్టే ఆరె (పిడి ఉన్న మొనదేరిన పనిముట్టు) ఎలా పట్టాలో కూడా ఆయనే చూపించారు. శ్రీకాకుళంలో పాత బస్టాండు వైపు అడిగి చూడండి.

పైపొరకి ఎం.సి.ఆర్. షీటు మంచిది. సన్నటి గాలి గదులున్న రబ్బరు అది. కుష్ఠు రోగులకీ, షుగరుతో పాదాల స్పర్శ తగ్గినవాళ్లకీ చేసే చెప్పుల్లో వాడతారు. మీరు చేసేది అలాంటివాళ్ల కోసమైతే మేకులు అస్సలు కొట్టకండి, బొటనవేలు దూర్చే ఉంగటం కూడా వద్దు, వెనక పట్టీ పెట్టండి. ముందు డాక్టరుకి పాదం చూపించండి. కుష్ఠు వల్ల స్పర్శ పోయినవాళ్లయితే సాలూరులో కుష్ఠు ఆసుపత్రి ఉంది, అక్కడ అడగొచ్చు.

అతికించడానికి చెప్పుల సొల్యూషన్ చాలు. రెండు ముక్కలనీ ఉప్పుకాగితంతో గరుకుగా రుద్ది, రెండింటికీ పల్చగా రాసి, వేలికి అంటుకోనంత వరకు ఆరనివ్వండి. పది, పదిహేను నిమిషాలు పడుతుంది. తడిగా ఉన్నప్పుడే అతికిస్తే మొదటి వానకే ఊడిపోతుంది. అతికించాక సుత్తితో అంతటా కొట్టి ఒక రాత్రి బరువు కింద ఉంచండి.

పాదం కొలత మాత్రం సాయంత్రం పూట, నిలబెట్టి అట్టముక్క మీద గీయండి. పొద్దుటి కొలతతో చేసిన జత నాన్నకి సాయంత్రానికి బిగుసుకుపోయేది.