డిక్కీలో ఉంటే చాలదు, చేతికి అందాలి

ప్రశ్న: మా ఇంట్లో తొలిసారి కారు కొన్నాము. నడిపేది ఎక్కువగా నేనే. పిల్లలను వెంటబెట్టుకొని, ఒక్కోసారి రాత్రిపూట కూడా దూరం వెళ్లవలసి వస్తోంది. దారిలో ఏదైనా ఇబ్బంది ఎదురైతే పనికొచ్చే వస్తువులన్నీ ఒక సంచిలో సర్ది డిక్కీలో పెట్టుకోవాలనుకుంటున్నాను. అందులో ఏమేమి ఉండాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ముందుచూపు మెచ్చుకోదగినది. అయితే అన్నింటినీ ఒకే సంచిలో సర్ది డిక్కీలో పెట్టడానికి మాత్రం నేను ఒప్పుకోను. కొన్ని వస్తువులు క్షణాల్లో కావాలి; కొన్నింటిని కారు పక్కకు ఆపుకొని నిదానంగా తీసుకోవచ్చు. మొదటి రకం వస్తువులు మీరు సీటు బెల్టు పెట్టుకొని కూర్చున్న చోటి నుంచే అందాలి.

వాటిలో ముందుగా చెప్పవలసింది అద్దం పగలగొట్టే మొన, బెల్టు కోసే బ్లేడు కలిసి ఉండే చిన్న పనిముట్టు. కారు నీళ్లలో చిక్కుకున్నా, బోల్తాపడి తలుపులు బిగుసుకుపోయినా బయటపడడానికి అదే ఆధారం. దానితో ముందు అద్దాన్ని కొట్టి ప్రయోజనం లేదు. రెండు గాజు పలకల నడుమ ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి అది పగుళ్లు తీస్తుందే తప్ప ఊడి రాదు. పక్క అద్దాలు సాధారణంగా టెంపర్డ్ గాజువి కనుక, మధ్యలో కాకుండా మూలకు దగ్గరగా కొడితే చిన్న చిన్న ముక్కలై రాలిపోతాయి. కొన్ని కార్లలో పక్క అద్దాలకు కూడా పొర ఉన్న (లామినేటెడ్) గాజునే వాడుతున్నారు. అద్దం మూలన ఉండే చిన్న ముద్రలో లామినేటెడ్ అని ఉందో, టెంపర్డ్ అని ఉందో ఈరోజే చూసి, ఏ అద్దం పగులుతుందో ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

మంటలార్పే పొడి సిలిండరు కిలోది చాలు. దానిని ముందు సీటు దగ్గర క్లాంపుతో బిగించాలి. ఊరికే వదిలేస్తే బ్రేకు వేసినప్పుడు దొర్లుకుంటూ పెడల్ కిందికి చేరే ప్రమాదం ఉంది. బానెట్ లోంచి పొగ వస్తే ఇంజను ఆపి, ముందు అందరినీ దించి దూరంగా పంపండి. బానెట్ ను పూర్తిగా ఎత్తితే గాలి తగిలి మంట ఒక్కసారిగా లేస్తుంది. మంట పెద్దదైతే కారు ఆశ వదులుకొని దూరంగా వెళ్లిపోవడమే సరైన పని.

వెలుగుకు మెరిసే జాకెట్టు డ్రైవరు తలుపు అరలో ఉండాలి, ఎందుకంటే దానిని రోడ్డు మీద కాలు పెట్టకముందే తొడుక్కోవాలి. హెచ్చరిక త్రికోణాన్ని కారుకు కనీసం 50 మీటర్ల వెనుక, అంటే దాదాపు 70 అంగలు వేసి, నిలబెట్టండి. మలుపు దాటాక కారు ఆగిపోతే వెనుక వచ్చేవారికి త్రికోణం మలుపు తిరగకముందే కనిపించాలి. వాహనాలు అతివేగంగా వెళ్లే రహదారిలో అంత దూరం నడవడమే ప్రమాదమనిపిస్తే ఆ ప్రయత్నం మానుకొని, పిల్లలతో రోడ్డు అంచుకు ఆవలగా నిలబడండి.

ఇక డిక్కీ సంగతి. స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్ ఉన్నాయని తృప్తిపడకండి. ఒక రాత్రి వానలో నా కారు టైరు పంక్చరైంది. నాలుగు నట్లు వదులయ్యాయి కానీ అయిదోది కదల్లేదు. అది దొంగతనం జరగకుండా బిగించే తాళపు నట్టు. దాన్ని విప్పే చిన్న అడాప్టరు అంతకుముందు మరమ్మతు చేసిన చోటే ఉండిపోయింది. మంచి స్టెప్నీ, మంచి జాకీ పక్కనే ఉన్నా తెల్లవారేదాకా అక్కడే ఉండవలసి వచ్చింది. అందుకే, ఒక పగటిపూట ఇంటి ముందు చదునైన నేల మీద మీ చేతులతో ఒక్కసారి టైరు మార్చి చూడండి. చక్రం నేల మీద ఉండగానే నట్లను కాస్త వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి. టైర్లలో గాలి కొట్టించిన ప్రతిసారీ స్టెప్నీలో కూడా చూపించండి.

జంపర్ కేబుల్స్ (మరో కారు బ్యాటరీతో మీ కారును స్టార్టు చేసే తీగలు) విషయంలో చాలామంది గమనించనిది ఒకటుంది. డిక్కీ కరెంటు బటనుతో తెరుచుకునే కారైతే, బ్యాటరీ చచ్చిపోయినప్పుడు అదీ తెరుచుకోదు, కేబుల్స్ లోపలే ఉండిపోతాయి. అటువంటి కారులో వాటిని ముందే సీటు కింద పెట్టండి. కలిపే వరుసను ఒక కాగితం మీద రాసి వాటితోనే ఉంచండి: ఎర్ర తీగ ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్ కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్ కు, నల్ల తీగ మంచి బ్యాటరీ మైనస్ కు, చివరి కొనను ఆగిపోయిన కారు ఇంజనులో రంగు వేయని లోహపు భాగానికి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండవచ్చు కనుక, ఆఖరి నిప్పురవ్వ దానికి దూరంగా రావాలనే ఈ జాగ్రత్త. అయితే కొన్ని కార్లకు తయారీదారులు వేరే చోటు సూచిస్తారు కాబట్టి ముందు మీ కారు పుస్తకంలో చూసుకోండి.

ప్రశ్న: మందులు, పవర్ బ్యాంకు, టార్చిలైటు ఎప్పుడూ కారులోనే ఉంచవచ్చా?
– మరొక పాఠకుడు

జవాబు: మొదటి రెండూ వద్దు. ఎండలో మూసి ఉంచిన కారు లోపల మందులు పాడవుతాయి, లిథియం బ్యాటరీ ఉబ్బి మంటకు కూడా దారితీయవచ్చు. వాటిని ప్రయాణానికి ముందు వెంట తీసుకెళ్లి, దిగేటప్పుడు తెచ్చుకోండి. ప్రథమ చికిత్స పెట్టెలో మాత్రం గాజుగుడ్డ, కట్టు గుడ్డలు, చేతి తొడుగులు, కత్తెర ఎప్పుడూ ఉండనివ్వండి. టార్చిలైటు ఉంచండి కానీ సెల్లులు తీసి పక్కన పెట్టండి; లోపలే ఉంటే కారి దాన్ని పాడుచేస్తాయి. తలకు కట్టుకునే రకమైతే టైరు మార్చేటప్పుడు మీ రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.