ఒకే వంశం బిడ్డలు, ముప్పై ఏళ్ల యుద్ధం

పోయిన సంచికలో ఇంగ్లండ్ ‘గులాబీ యుద్ధాల’ గురించి, అంటే పదిహేనో శతాబ్దంలో యార్క్, లాంకాస్టర్ ఇళ్లు కిరీటం కోసం చేసిన పోరు గురించి, నాలుగు మాటలు రాస్తే బోలెడు ప్రశ్నలొచ్చాయి. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: సార్, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. ఎన్నిసార్లు చదివినా అందరూ హెన్రీలు, ఎడ్వర్డులు, రిచర్డులే. గొడవ ఎవరెవరికి? న్యాయంగా కిరీటం ఎవరిది? – ఒక అభ్యర్థి, అశోక్‌నగర్

జవాబు: తమ్ముడూ, పేర్లు కాసేపు పక్కన పెట్టండి, ఇది దాయాదుల పోరు. మూడో ఎడ్వర్డ్ 1377లో చనిపోయాడు. పెద్దకొడుకు అంతకుముందే పోవడంతో మనవడు రెండో రిచర్డ్ గద్దెనెక్కాడు. 1399లో అతన్ని దించేసి, ఎడ్వర్డ్ మూడో కొడుకు (పెద్దయ్యేదాకా బతికిన కొడుకుల లెక్కలో) వంశం వాడు, అంటే లాంకాస్టర్ ఇంటివాడు, నాలుగో హెన్రీగా రాజయ్యాడు. ముడి అక్కడే పడింది. రెండో కొడుక్కి కూతురు ఒక్కతే. ఆమె వంశంలోని అమ్మాయికి నాలుగో కొడుకు వంశంలోని అబ్బాయితో పెళ్లయింది, వాళ్లకు పుట్టినవాడే యార్క్ డ్యూక్ రిచర్డ్. ఆడపిల్ల ద్వారా హక్కు వస్తుందనుకుంటే యార్క్ ఇంటిదే పైచేయి, మగ సంతతే లెక్క అనుకుంటే లాంకాస్టర్ ఇంటిది. రెండు వాదనలూ నిలబడేవే.

అయితే ఒక్కటి గమనించండి, ఈ చిక్కు యాభై ఏళ్లు అలాగే ఉన్నా పెద్ద యుద్ధం రాలేదు. 1415లో అజింకోర్‌లో ఫ్రెంచివాళ్లను ఓడించిన ఐదో హెన్రీ బతికుండగా కిరీటం ఊడబెరికే ధైర్యం ఎవరికుంటుంది? అతను 1422లో పోయేటప్పటికి కొడుకు ఆరో హెన్రీ వయసు తొమ్మిది నెలలు. పెద్దయ్యాక మంచివాడు, దైవభక్తి ఉన్నవాడు అయ్యాడు గానీ రాజ్యం నడపడం చేతకాలేదు. 1453లో ఫ్రాన్స్‌లో కలే రేవు తప్ప అన్నీ పోయాయి, అదే ఏడాది ఆగస్టులో రాజుకు మతి పోయింది. అక్టోబరులో కొడుకు పుడితే తెచ్చి చూపించారు, ఒకసారి చూసి కళ్లు దించేసుకున్నాడంతే, ఒక్క మాటా లేదు. ఏడాది దాటాక, 1454 క్రిస్మస్ నాటికి కోలుకుని, పిల్లాడి పేరేమిటని అడిగి చేతులెత్తి దేవుడికి దండం పెట్టుకున్నాడు. ఈ వివరం చదివినప్పుడల్లా నాకు ఆ మనిషి మీద జాలి వేస్తుంది.

అప్పటికి ఒక్కో ప్రభువు జీతమిచ్చి, తన గుర్తు తొడిగి సొంత మనుషులను పెట్టుకునేవాడు. ఉత్తరాన నెవిల్, పెర్సీ కుటుంబాలు పెత్తనం కోసం కొట్టుకుంటుంటే ఆపాల్సిన రాజు మంచంలో ఉన్నాడు. యార్క్ డ్యూక్ రక్షకుడి హోదాలో పాలించాడు, రాజు కోలుకోగానే అతన్ని పక్కకు నెట్టి పాత శత్రువు సోమర్‌సెట్‌ను మళ్లీ పైకి తెచ్చారు. 1455 మే 22న సెయింట్ ఆల్బన్స్ వీధుల్లో మొదటి యుద్ధం జరిగింది, సోమర్‌సెట్ చనిపోయాడు. వంశవృక్షం బట్టీ పట్టడం కంటే ఈ వరుస గుర్తుపెట్టుకోండి: రాజు చేతకానివాడైతేనే పాత హక్కులకు ప్రాణం వచ్చింది.

ప్రశ్న: నేను చూసినవాటిల్లో మార్గరెట్ రాణిని రాక్షసిలా చూపిస్తారు. నిజంగా అంత చెడ్డదా? – డిగ్రీ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: నేనైతే అలా అననమ్మా. పదిహేనేళ్లకు ఫ్రాన్స్ నుంచి ఆరో హెన్రీ భార్యగా వచ్చింది, మొగుడు పాలించలేడని ఆమెకు అందరికంటే ముందే తెలిసుంటుంది. 1460 అక్టోబరులో పార్లమెంటులో ఒక రాజీ కుదిరింది. హెన్రీ బతికినన్నాళ్లు రాజు, తర్వాత కిరీటం యార్క్ ఇంటికి. అంటే ఏడేళ్ల కొడుకు నోటి దగ్గర కూడు కన్నతండ్రే ఒప్పుకుని తీసేశాడు! ఏ తల్లి ఊరుకుంటుంది? డిసెంబరు 30న వేక్‌ఫీల్డ్‌లో యార్క్ డ్యూక్‌ను చంపి, అతని తలకు కాగితం కిరీటం పెట్టి యార్క్ నగర ద్వారానికి కట్టారు, ఆ నేరం ఆమె నెత్తిన వేస్తారు గానీ ఆరోజు ఆమె అక్కడ లేదు. ఆమె సైన్యం దక్షిణానికి వస్తూ దారిలో ఊళ్లు దోచుకున్న మాట మాత్రం నిజం, లండన్ తలుపులు తెరవకపోవడానికి అదే కారణం, దానికి సమర్థన లేదు. 1471 మే 4న ట్యూక్స్‌బరీలో పదిహేడేళ్ల కొడుకు చనిపోయాడు, అదే నెల 21 రాత్రి లండన్ టవర్‌లో మొగుడూ పోయాడు. దిగులుతో చనిపోయాడని యార్క్ పక్షం ప్రకటించింది, నేను నమ్మను.

ప్రశ్న: టౌటన్ యుద్ధంలో ఒక్కరోజే 28,000 మంది చనిపోయారంటారు, నమ్మొచ్చా? – రిటైర్డ్ ఉపాధ్యాయుడు, మల్కాజిగిరి

జవాబు: మాస్టారూ, ఆ అంకె ఆనాటి ఉత్తరాల్లోనే ఉంది, కాకపోతే గెలిచిన యార్క్ పక్షం వాళ్లు చెప్పుకున్న లెక్క. ఇప్పటి చరిత్రకారుల్లో చాలామంది అంత ఉండదనే అంటారు, నాకూ అదే సబబనిపిస్తుంది. ఘోరం మాత్రం నిజం. 1461 మార్చి 29, మంచు కురుస్తోంది, గాలి యార్క్ సైన్యం వెనక నుంచి వీస్తోంది. వాళ్ల బాణాలు దూరం పోయాయి. ఎదుటివాళ్లవి ఎదురుగాలికి ముందే నేల రాలాయి, కళ్లల్లో మంచు పడి అవి చేరుతున్నాయో లేదో కూడా వాళ్లకు కనిపించలేదు. రాలిన బాణాలను యార్క్ విలుకాళ్లు ఏరి తిరిగి వాళ్ల మీదికే వదిలారని చెబుతారు. ఓడి పారిపోయినవాళ్లు కాక్ బెక్ అనే చిన్న వాగులో పడి చచ్చిపోయారు.

1996లో అక్కడ ఒక గుంతలో సుమారు 40 మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి. చాలా పుర్రెల మీద ఒకటికి నాలుగు గాట్లు. ఒకతని తలకైతే ఎనిమిది దెబ్బలు. పడిపోయినవాణ్ని కూడా వదల్లేదన్నమాట. అంకె ఎంతైనా గానీ, ఆ ఎముకలు చాలు.

ప్రశ్న: వారిక్ ప్రభువు అన్నిసార్లు పార్టీ ఎందుకు మార్చాడు? – ప్రైవేటు ఉద్యోగి, మెహదీపట్నం

జవాబు: ఒక్కసారే మార్చాడు, కానీ గట్టిగా. వేక్‌ఫీల్డ్‌లో చనిపోయిన యార్క్ డ్యూక్ కొడుకు నాలుగో ఎడ్వర్డ్‌ను రాజును చేసింది తనే అన్న ధీమాతో ఫ్రాన్స్‌లో సంబంధం మాట్లాడుతుంటే, 1464లో ఆ కుర్ర రాజు ఎలిజబెత్ వుడ్‌విల్ అనే వితంతువును గుట్టుగా పెళ్లాడేశాడు. పరువు పోవడంతోపాటు ఆమె పుట్టింటివాళ్లకు పదవులు కట్టబెట్టడంతో వారిక్ తిరగబడి, 1470లో పాత శత్రువు మార్గరెట్‌తోనే చేతులు కలిపాడు. 1471 ఏప్రిల్ 14న బార్నెట్ పొగమంచులో సొంత పక్షం వాళ్ల నక్షత్రం గుర్తును ఎడ్వర్డ్ సూర్యుడి గుర్తనుకుని వారిక్ మనుషులే వాళ్ల మీద బాణాలు వేశారు. వారిక్ అక్కడే చనిపోయాడు.

ప్రశ్న: టవర్‌లో పెట్టిన ఆ ఇద్దరు పిల్లల్ని చంపిందెవరు? – గృహిణి, ఉప్పల్

జవాబు: పన్నెండేళ్ల ఐదో ఎడ్వర్డ్, తొమ్మిదేళ్ల తమ్ముడు. తండ్రి నాలుగో ఎడ్వర్డ్ 1483 ఏప్రిల్‌లో పోతే బాబాయి రిచర్డ్ సంరక్షకుడిగా వచ్చాడు, పిల్లల తల్లిదండ్రుల పెళ్లే చెల్లదని చెప్పించి జులై 6న మూడో రిచర్డ్‌గా కిరీటం పెట్టుకున్నాడు. ఆ వేసవి తర్వాత పిల్లలు ఎవరికీ కనిపించలేదు. రుజువు లేదు గానీ నా మనసులో మాట చెబుతాను: పిల్లలు అతని చేతిలో ఉన్నారు, చంపేశారని ఊరంతా అనుకుంటున్నప్పుడు బతికుంటే బయటికి తెచ్చి చూపించేవాడు. చూపించలేదు.

1485 ఆగస్టు 22న బోస్‌వర్త్‌లో గోడ మీద పిల్లిలా కూర్చున్న స్టాన్లీ అన్నదమ్ముల బలగం ఆఖరి నిమిషంలో లాంకాస్టర్ పక్షం వాడు హెన్రీ ట్యూడర్ వైపు దూకింది, రిచర్డ్ కత్తి పట్టుకునే చచ్చిపోయాడు. అతని ఎముకలు 2012లో లెస్టర్ నగరంలో కార్ పార్కింగ్ కింద దొరికాయి, వెన్నెముక ఒంకరగా ఉంది. గెలిచిన హెన్రీ తన పాలన ఆగస్టు 21నే మొదలైందని రాయించాడు. అంటే మర్నాడు రిచర్డ్ తరఫున పోరాడినవాళ్లంతా రాజద్రోహులే! ఆ తర్వాత ఆ పిల్లల అక్క ఎలిజబెత్‌ను పెళ్లాడి రెండు ఇళ్లనూ కలిపాడు.

ప్రశ్న: మన హైదరాబాద్ చరిత్రలో ఇలాంటిదేమైనా ఉందా? – ఒక పాఠకుడు, చార్మినార్

జవాబు: ఉంది, కాలం మాత్రం వేరు. 1748లో మొదటి నిజాం పోగానే కొడుకు నాసిర్ జంగ్, కూతురి కొడుకు ముజఫర్ జంగ్ గద్దె కోసం తలపడ్డారు. ఇక్కడా కూతురి వైపు హక్కే, గమనించారా? ఒకరి వెనక ఇంగ్లిషువాళ్లు, ఇంకొకరి వెనక ఫ్రెంచివాళ్లు. 1750 డిసెంబరులో నాసిర్ జంగ్‌ను చంపింది శత్రువు కాదు, తన పక్షానే ఉన్న కడప నవాబు. ముజఫర్ జంగ్ గద్దెనెక్కి, కొద్ది వారాలకే ఆ కడప నవాబు లాంటి పఠాన్ నవాబులతోనే గొడవపడి 1751లో రాయచోటి దగ్గర చనిపోయాడు. అప్పుడు ఫ్రెంచి సేనాని బుస్సీ నాసిర్ జంగ్ తమ్ముడు సలాబత్ జంగ్‌ను కూర్చోబెట్టాడు. 1762లో అతన్ని ఇంకో తమ్ముడు నిజాం అలీఖాన్ దించి బీదర్ కోటలో బంధించాడు. ఔరంగాబాద్ నుంచి రాజధాని మన హైదరాబాద్‌కు వచ్చింది ఈ నిజాం అలీఖాన్ కాలంలోనే.