వి-క్రాస్ వెనక కమాన్లకు ప్లేట్లు కలపాలా, కట్ట మొత్తం మార్చాలా?

మీరు అడిగింది ఇదీ: ఇసుజు వి-క్రాస్ పికప్‌కు కెనోపీ (వెనక డెక్కు మీద మూత), పైన టెంట్, వెనక ఫ్రిజ్ పెట్టించాక బండి వెనక కుంగింది, గుంత వస్తే దబ్బుమని, ఇరుసు మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ అయిన బంప్ స్టాప్‌కు కొడుతోంది. షాపులో కమాన్లకు, అంటే వెనక బరువు మోసే వంపు తిరిగిన ఉక్కు ప్లేట్ల కట్టలకు, "రెండు ప్లేట్లు ఎక్కువ వేస్తే సరి" అంటున్నారు, వేయించుకోవచ్చా? నా మాట వింటే ఇప్పుడే వేయించకండి. ముందు బండిని తూకం వేయించండి.

నేనూ వి-క్రాసే నడుపుతాను. ఉండేది బెంగళూరు వైట్‌ఫీల్డ్, మా తోట మదనపల్లె దగ్గర. ఆ తోట దారి, హార్స్‌లీ హిల్స్ చుట్టుపక్కల రాళ్ల బాటలు నా బండి ఎక్కువగా తిరిగే చోట్లు. వెనక కమాన్లు మార్పించేటప్పుడు దగ్గరుండి చూసినవీ, తర్వాత నడిపి తెలుసుకున్నవీ చెబుతాను.

హోస్కోటె దాటాక లారీల వేబ్రిడ్జ్‌లు కనిపిస్తాయి. ట్యాంకు నింపి, ట్రిప్పుకు వెళ్లేటప్పుడు ఉండే సామానుతో, మనుషులతో వెళ్లండి. మొదట బండి మొత్తం, తర్వాత వెనక చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫాం మీద ఉంచి ఇంకోసారి తూయించండి. దించగలిగే సామానంతా దించేశాక మళ్లీ ఒకసారి. వెనక యాక్సిల్ (ఇరుసు) మీద ఎప్పుడూ ఉండే బరువెంత, ట్రిప్పుల్లో అదనంగా పడేది ఎంత అనేది తేలిపోతుంది. కమాన్ ఎంచుకోవాల్సింది ఆ అంకెలను బట్టే. కంపెనీ చెప్పిన గరిష్ఠ బరువు దాటి ఉంటే సామాను తగ్గించడం తప్ప దారి లేదు. కమాన్ గట్టిపడినంత మాత్రాన బండి మోసే శక్తి పెరగదు, ఎందుకంటే కింద యాక్సిల్, ఛాసిస్, బ్రేకులు పాతవే కదా.

ఇక ప్లేట్ల సంగతి. కమాన్ ప్లేటు గట్టిదనం మందంతో పాటు అదే లెక్కన పెరగదు, మందం ఘనాన్ని (మందాన్ని మూడుసార్లు వేసి గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది. వెడల్పు, పొడవు అవే ఉంచి 6 మిల్లీమీటర్ల ప్లేటు బదులు 8 మిల్లీమీటర్లది వేస్తే ఆ ఒక్క ప్లేటే దాదాపు 2.4 రెట్లు గట్టిపడుతుంది. షాపులో దొరికిన లారీ ప్లేటు కోసి కలిపితే జరిగేది అదే. లోడుతో బాగానే ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, రాళ్ల దారిలో టైరు నేలను వదిలేస్తుంది. ఆఫ్‌రోడ్‌లో మనకు కావలసింది టైరు నేలకు అంటిపెట్టుకుని ఉండటమే కదా! పైగా కలిపిన ప్లేటు వంపు పాత కట్ట వంపుతో కలవకపోతే బరువు సమంగా పంచుకోదు, మెయిన్ ప్లేటు (కట్టలో అన్నిటికంటే పొడవైనది) పగిలే ప్రమాదం ఉంది. పాత కట్టను నిప్పుల్లో కాల్చి వంపు తెప్పిస్తామని కూడా అంటారు. సరైన టెంపరింగ్ (లెక్క ప్రకారం మళ్లీ వేడిచేసి గట్టిదనం సరిచేయడం) లేకుండా కాలిస్తే స్ప్రింగ్ స్టీల్ గుణమే పోతుంది, కొన్నాళ్లకు మళ్లీ కుంగుతుంది.

మీ కెనోపీ, టెంట్ ఎప్పుడూ బండి మీదే ఉంటాయి కాబట్టి, ఆ స్థిరమైన బరువుకు తగ్గట్టు తయారైన పూర్తి కట్ట తీసుకోవడం మేలు. ఎత్తు కోసం ఆశపడొద్దు, 40 మిల్లీమీటర్లు చాలు. యాక్సిల్ మీద బ్లాకులు పెట్టి ఎత్తు పెంచితే ఖర్చు తక్కువే, కానీ ఏటవాలులో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు యాక్సిల్ మెలి తిరగడం ఎక్కువవుతుంది, వెనక చక్రాలు గంతులేస్తాయి. పొడవు షాకిళ్లు (కమాన్ వెనక చివరను ఛాసిస్‌కు కలిపే, ఊగే లింకులు) కూడా వద్దంటాను. షాకిల్ 2 అంగుళాలు పెంచితే బండి లేచేది అంగుళమే, ఇంజన్ శక్తిని వెనక యాక్సిల్‌కు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మాత్రం మారిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకోవాల్సింది షాకిల్ కోణం. కమాన్ నొక్కుకున్నప్పుడు వంపు తగ్గి, రెండు చివరల మధ్య దూరం పెరుగుతుంది. ముందు చివర కదలదు, కాబట్టి ఆ పెరుగుదలకు చోటిచ్చేది వెనక షాకిల్ ఒక్కటే. బండి మామూలు బరువుతో చదునైన నేల మీద నిలబడినప్పుడు పక్కనుంచి చూడండి. షాకిల్ కింది బోల్టు పై బోల్టు కంటే వెనక్కి ఉండాలి. వంపు ఎక్కువున్న కొత్త కట్ట వేస్తే చివరల మధ్య దూరం తగ్గి, షాకిల్ నిటారుగా వస్తుంది లేదా ముందుకు వాలుతుంది. అప్పుడు ఎంత మంచి కమానైనా కర్రలా ఉంటుంది. "లిఫ్ట్ చేయించాక నడుం విరిగిపోతోంది" అనేవాళ్ల బండి కింద ముందు చూడాల్సింది ఇదే. కొత్త కట్ట కొన్ని వందల కిలోమీటర్లకు కాస్త సర్దుకుంటుంది కాబట్టి కొంచెం తేడాకు టెన్షన్ పడకండి. ముందుకు వాలితే మాత్రం ఒప్పుకోవద్దు.

బిగించే రోజు షాపులో మీరు ఉండి తీరాలి. జె.సి. రోడ్డు, కలాసిపాళ్యం వైపు చేయి తిరిగిన మేస్త్రీలు ఉన్నారు, కానీ పని ఒత్తిడిలో బండి లిఫ్ట్ మీద ఉండగానే బోల్టులన్నీ ఫుల్ టైట్ చేసేస్తారు. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, బోల్టుల చుట్టూ ఉండే రబ్బరు బుష్‌లు ఆ స్థితిలోనే పట్టుకుంటాయి. బండి కిందికి దిగగానే మెలితిరిగి త్వరగా చిరిగిపోతాయి. కమాన్ కళ్ల (చివరల్లోని గుండ్రటి రంధ్రాల) బోల్టులు, షాకిల్ బోల్టులు వదులుగా ఉంచమనండి. బండి దించి, నాలుగుసార్లు ఊపి, బరువు చక్రాల మీద ఉన్నప్పుడే బిగించమనండి. యూ బోల్టులు (కమాన్‌ను యాక్సిల్‌కు బిగించే యూ ఆకారపు బోల్టులు) కొత్తవే వేయించండి. యాక్సిల్‌ను పట్టి ఉంచేది వాటి బిగువే, ప్లేట్లన్నిటి మధ్యలోంచి వెళ్లే సెంటర్ బోల్టు స్థానం చూపించడానికి మాత్రమే. యూ బోల్టులు వదులైతే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ జరిగిపోతుంది. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో మళ్లీ చూపించండి.

తర్వాత ఒక వెనక చక్రాన్ని రాయి మీదకు ఎక్కించి కింద చూడండి. పైకి వెళ్లిన వైపు షాక్ అబ్జార్బర్ పూర్తిగా మూసుకోకముందే బంప్ స్టాప్ తగలాలి, దాని రాడ్డు 25 మిల్లీమీటర్లయినా బయట మిగలాలి. వేలాడే వైపు బ్రేక్ గొట్టం, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ లాగినట్టు ఉండకూడదు.

కమాన్ల మధ్య ఇంజన్ ఆయిల్ పోయమంటే వద్దనండి, రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి. బురదలో తిరిగి వచ్చాక నీళ్లతో బాగా కడిగిస్తే చాలు.

చాలామంది మరిచిపోయేది బ్రేకుల సంగతి. కొన్ని పికప్‌లలో వెనక యాక్సిల్‌కు ఒక కడ్డీతో కలిపిన వాల్వు ఉంటుంది, అది బండి ఎంత కుంగిందో చూసి వెనక బ్రేకుల ఒత్తిడి పెంచుతుంది. బండి ఎత్తితే ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని, నిండా లోడున్నా వెనక బ్రేకులు తగ్గించేస్తుంది. మీ బండిలో అది ఉందో లేదో కిందికి వంగి చూడండి. ఉంటే కమాన్ పనితో పాటే సర్దించండి. లోడు వేసుకుని, వెనక ఎవరూ రాని రోడ్డు మీద గట్టిగా బ్రేక్ కొట్టి చూసుకున్నాకే ఇంట్లోవాళ్లను ఎక్కించుకోండి.